దానిమ్మ కింద స్నానం

ఛాయాదేవి పుట్టిల్లు కడియం. ఇంటి ముందు కాలవ, ఇంటి వెనక నాన్నగారి నర్సరీ. ఆ నేలలో కొమ్మ ఒకటి విరిచి గుచ్చి మరిచిపోయినా ఏడాదికి పూలు పూస్తుంది. అందుచేత మొక్కలు పెంచడం తనకు పుట్టుకతో వచ్చిన విద్య అని ఆమె గట్టి నమ్మకం.

భర్త సీతారామయ్య రైల్వే వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్. ఎనభై ఒకటిలో నాచారంలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నప్పుడు సామాను లారీలో వచ్చింది, మొక్కలు మాత్రం ఆమెతో పాటు రైల్లో వచ్చాయి. కింది బెర్తు మీదా దాని కిందా పందొమ్మిది మొక్కలు, పై బెర్తు మీద మొగుడు. నాచారం నేల మొరం. గునపం వేస్తే ఠంగుమని చెయ్యి జివ్వుమనేది. అయినా ఆమె గుంతలు తవ్వించి, కాప్రా చెరువు మట్టి బండెడు తెప్పించి నింపి, నాలుగేళ్లలో ఆ పెరడును కడియం చేసింది. సన్నజాజి, దానిమ్మ, సపోటా, కనకాంబరాలు, వీధి మొత్తానికి సరిపడా కరివేపాకు. దబ్బచెట్టంటే మరీ ప్రాణం. ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్ల కంటే ముందు దబ్బచెట్టు చూపించేది.

ఎనభై ఐదులో వానలు మొహం చాటేశాయి. ఎనభై ఆరు వేసవి వచ్చేసరికి పెరట్లో బావి అడుగున రాయి తేలింది. మూడు రోజులకోసారి వచ్చే ట్యాంకరే గతి. ట్యాంకరు మలుపు తిరిగిందంటే కాలనీ అంతా బిందెలతో పరుగు.

కాలవ గట్టున పెరిగిన ఛాయాదేవికి నీళ్లు లేకపోవడమంటే ఏమిటో తెలియదు. భయపడిపోయి ఇంట్లో వాడిన ప్రతి చుక్కా మొక్కలకే అని శాసనం చేసింది. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, ఏవీ మురుక్కాలవలోకి పోకూడదు. చివరికి స్నానం కూడా స్నానాలగదిలో చేయకూడదు.

"మరెక్కడ చెయ్యమంటావే?" అన్నాడు సీతారామయ్య.

"పీట వేసుకుని చెట్టు మొదట్లో పోసుకోండి. రోజుకో చెట్టు. చీర అడ్డం కడతాను కదా."

ఆయన వాదించే మనిషి కాదు. పైగా ఇంట్లో నీళ్ల బిందెల కాపలా ఆవిడ చేతిలో ఉంది. మర్నాటి నుంచి పాత వెంకటగిరి చీర తెరలోపల, సోమవారం సపోటా దగ్గర, మంగళవారం సన్నజాజి దగ్గర ఆయన స్నానం సాగింది. స్నానం చేస్తూ పురుషసూక్తం గట్టిగా చదవడం ఆయనకు అలవాటు. గొంతు ఏ మూల నుంచి వస్తోందో విని, ఇవాళ ఏ చెట్టుకు నీళ్లందాయో కాలనీ వాళ్లు చెప్పేసేవారు. పక్కింటి బసవరాజు బస్టాపులో కలిస్తే నమస్కారానికి బదులు, "ఇవాళ కరివేపాకేనాండీ?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఇంత చేసినా రెండు వారాలకు సన్నజాజి ఆకులు పసుపెక్కి రాలాయి. సపోటా కొసలు మాడాయి. ఛాయాదేవి ఇంకో బకెట్టు పోసింది. ఇంకా రాలాయి. ఒక మధ్యాహ్నం ఆమె జాజిపందిరి కింద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, కరివేపాకు కోసం దుర్గమ్మ వచ్చింది.

దుర్గమ్మది జనగామ దిక్కు పల్లెటూరు. యాభై దాటిన మనిషి. మల్లాపూర్‌లో గోనెసంచుల గోదాములో చిరిగిన సంచులు కుట్టే పని. వీధి చివర ఒంటిగదిలో అద్దెకుంటుంది. వారానికోసారి వచ్చి రెండు రెబ్బలు తుంపుకుని పోతుంది. అంతకు మించి ఇద్దరి మధ్యా మాటలు లేవు.

ఆ రోజు ఆమె చెట్టు మొదట్లో నురగ చూసింది, ఆకాశంలో ఎండ చూసింది, ఛాయాదేవి మొహం చూసింది.

"ఏంది ఛాయమ్మా, మిట్టమధ్యాహ్నం పోస్తున్నవా నీళ్లు? అవ్విటిల మల్ల సబ్బు. చెట్టుకు జెరమొచ్చినట్టయితది."

"ఇరవై ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నాను దుర్గమ్మా," అంది ఛాయాదేవి పౌరుషంగా.

"పెంచినవు. నీళ్లున్న కాడ ఎవలైన పెంచుతరు," అంది దుర్గమ్మ తాపీగా. "మీ దిక్కు కాలువలుండె. నీళ్లు లేనికాడ సాకుడు వేరే ఉంటది. జర పక్కకు జరుగు, సూపిస్త."

ఛాయాదేవికి కోపం వచ్చింది. కానీ రాలిన ఆకులు ఒడినిండా ఉన్నాయి. పక్కకు జరిగింది.

మర్నాడు ఆదివారం. దుర్గమ్మ చంకలో చిరుగుసంచుల కట్ట, తలమీద గంపలో గురిగులు పెట్టుకుని దిగింది. గురిగి అంటే పిడికెడంత మట్టికుండ. ఒక్కోదానికి అడుగున మేకుతో సన్నటి బెజ్జం పెట్టి, అందులో గుడ్డపేలిక దూర్చి, చెట్టు మొదట్లో మెడదాకా పాతింది. పొద్దున్నే దాన్ని నింపి మూకుడు మూస్తే చాలు, పేలిక నుంచి చుక్కచుక్కగా రోజంతా వేరుకే దిగుతుంది. పాదు నిండా ఎండాకులు పరిచి, పైన గోనె కప్పింది. అప్పుడు కత్తి తీసుకుని కొమ్మలకేసి చూసింది.

"ఇగ సగం కొమ్మలు కొట్టాలె."

"అయ్యో, సగమే?"

"మనకే తిండి లేనప్పుడు ఇంటినిండ సుట్టాలెందుకు? కొట్టాలె. పూలు తెంపాలె. పిందెలు తెంపాలె. కరువుల కాన్పులేంది ఛాయమ్మా?"

పిందెలనేసరికి ఛాయాదేవి దబ్బచెట్టుకు అడ్డంగా నిలబడింది. దబ్బచెట్టు ఐదేళ్లకు ఆ ఏడే మొదటిసారి కాసింది. తొమ్మిది పిందెలు. ఎనిమిది తన చేత్తోనే తెంపి, తొమ్మిదోదాన్ని ఆకుల చాటున ఉంచి పైన పాత రుమాలు కట్టింది. ఆ తెంపిన ఎనిమిదింటినీ పారేయలేక ఉప్పులో వేస్తే ఎవరూ తినలేకపోయారు.

రుమాలు సంగతి మూడో రోజు బయటపడింది. "గీ చెట్టుకు పన్ను నొస్తుందా, దవడకు కట్టు గట్టినవు?" అంది దుర్గమ్మ. ఛాయాదేవి తలొంచుకుంది. దుర్గమ్మ ఆ ఒక్కదాన్ని వదిలేసింది. "సరే తీ. దీనికి గూడ ఒక గురిగి ఎక్కువ పాతుదాం."

అన్నీ బతకవని కూడా ఆమే చెప్పింది. పందొమ్మిదింటిలో కొన్నిటిని వదులుకోమంది. ఏవి అన్నది తేల్చుకోవడానికి ఛాయాదేవికి వారం పట్టింది. క్రోటన్లను వదిలింది, గులాబీలను వదిలింది. వాటి వైపు వెళ్లాల్సి వస్తే మొహం తిప్పుకుని వెళ్లేది.

సీతారామయ్య స్నానానికి కూడా కొత్త నియమం వచ్చింది. సబ్బు బందు, శనగపిండి మాత్రమే. పీట చెట్టు మొదలు నుంచి మూరెడు దూరం జరిగింది.

ఇలా ఉండగా కాలనీలో గుసగుస లేచింది. అందరి పెరళ్లూ మాడిపోతుంటే ఛాయాదేవి దానిమ్మ మాత్రం పచ్చగా ఉందేమిటి? స్నానం నీళ్లకే ఇంత పచ్చదనమా, ట్యాంకరు నీళ్లు కూడా చెట్లకు పోస్తోందని ఎవరో కాలనీ సంఘం అధ్యక్షుడు వెంకటరామయ్య చెవిన వేశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మర్నాడు పొద్దున ఏడింటికి ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని, తెల్లపంచె సర్దుకుంటూ తనిఖీకి వచ్చారు. బుధవారం. దానిమ్మ వంతు. చీర వెనక నుంచి పురుషసూక్తం వినిపిస్తోంది.

"చూడండమ్మా," అన్నారు వెంకటరామయ్యగారు గంభీరంగా, "జనం తాగడానికి లేక అల్లాడుతుంటే చెట్లకు మంచినీళ్లు పోయడం..."

పురుషసూక్తం ఆగింది.

"అవి నేను పోసుకున్న నీళ్లండీ," అంది చీర.

వెంకటరామయ్యగారు ఉలిక్కిపడ్డారు. "సీతారామయ్యగారా?"

"నేనే. ఒంటినిండా శనగపిండి ఉంది, బయటికి రాలేను, క్షమించాలి. నాకిచ్చేది ఒకే బకెట్టు. అది నా నెత్తిన పడి దానిమ్మకు చేరుతుంది. నేను స్నానం మానేస్తే దానిమ్మ పోతుంది, దానిమ్మను మానిపించాలంటే నన్ను మానిపించాలి. సంఘం తీర్మానం చేస్తే ఆఫీసుకు అలాగే వెళతాను."

సభ్యుల్లో ఒకాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. వెంకటరామయ్యగారు మాత్రం నవ్వలేదు. వంగి గోనె ఎత్తి చూశారు. కింద మట్టి తడిగా, చల్లగా ఉంది. వేలితో గురిగి మూకుడు తీసి, మళ్లీ పెట్టారు. లేచినప్పుడు ఆయన గొంతు మారింది.

"మా ఇంట్లో పారిజాతం పోయేలా ఉందమ్మా. ఇది ఎవరు చెప్పారు?"

అలా ఆదివారం దుర్గమ్మను వెంకటరామయ్యగారింటికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఆమె మొదట రానంది. అంత పెద్దవాళ్ల ఇంట్లో తానేం చెబుతానంది. గేటు దాటి పచ్చిక చూసేసరికి బెరుకంతా పోయింది.

"గీ గడ్డికి నీళ్లు పోస్తున్నరా సారూ? బర్రెలున్నయా?"

"లేవమ్మా."

"మరి ఎవలు తింటరు?"

నలభై ఏళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషి ఆ రోజే పచ్చికకు నీళ్లు ఆపేశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం దుర్గమ్మకు పిలుపులే. కాలనీలో పదకొండిళ్లలో గురిగులు పాతించింది. గోనెసంచులు తెచ్చి కప్పించింది. ప్రతి ఇంట్లోనూ దుర్గమ్మ కత్తి పట్టుకున్నప్పుడల్లా ఛాయాదేవి పక్కన నిలబడి, "కరువులో కాన్పులేంటండీ," అని తన యాసలో అందించేది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఉప్పల్ వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చి గంటసేపు దంచి కొట్టింది. ఛాయాదేవి వాకిట్లో తడుస్తూ లెక్కపెట్టుకుంది. పందొమ్మిదింటిలో పన్నెండు మిగిలాయి, రుమాలు చాటు దబ్బకాయతో సహా. సీతారామయ్య గొడుగేసుకుని వచ్చి, "రేపట్నుంచి నేను స్నానాలగదిలోకి వెళ్లొచ్చా?" అని అడిగాడు. వెళ్లమంది. కానీ అలవాటైపోయిన మనిషికి ఆ నాలుగు గోడల మధ్య పురుషసూక్తం సాగలేదు. వారం తిరక్కుండానే పీట మళ్లీ పెరట్లోకి వచ్చింది.

వానలు కుదురుకున్నాక దుర్గమ్మ మొదటిసారి కరివేపాకు కాకుండా వేరొకటి అడిగింది. "ఒక జాజికొమ్మ ఇయ్యి ఛాయమ్మా."

"నీకు పెరడు లేదు కదా, ఎక్కడ పెడతావు?"

"గోదాముల. గేటు పక్క జాగున్నది. పొద్దంత గోనె వాసన పీల్చి పీల్చి ముక్కు సచ్చిపోయింది."

ఛాయాదేవి వేరున్న అంటు ఒకటి తీసి, చెరువుమట్టితో సహా బుట్టలో పెట్టింది. ఇద్దరూ నడుచుకుంటూ మల్లాపూర్ వెళ్లారు. గోదాము కావలివాడు అడ్డంపడి, యజమానిని అడగందే చెట్టు పెట్టనివ్వనన్నాడు. దుర్గమ్మ వెంట తెచ్చిన గునపం అతని చేతికిచ్చి, ఎక్కడ తవ్వితే మొక్క బండి చక్రం కింద పడదో చూపించమంది. అతను గోడవారగా ఒక చోట గునపం దించాడు.