ఆరంకెల నంబరు

1999 ఫిబ్రవరి. దర్శి బస్టాండు ఎదురుగా నాకొక ఐఎస్డీ బూత్ ఉండేది. ఒక అద్దాల గది, అందులో ఫోను, బయట బల్ల మీద బిల్లు కొట్టే మీటరు, గోడవారన ఒక బెంచీ. ఇళ్ళలో ఫోన్లున్నా విదేశాలకు మాట్లాడే సౌకర్యం కొద్దిమందికే ఉండేది. అందుకని పొగాకు వ్యాపారుల దగ్గర్నుంచి మిరపకోతలకు పోయే కూలీల దాకా అందరూ ఆ బెంచీ మీదే కూర్చునేవాళ్ళు. పదకొండేళ్ళు నడిపాను ఆ బూత్. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి అందులో ఒక్కటే ఉంది. ఆ మంటలో ఎక్కువ భాగం నా మీదే.

మా పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. వేరే దేశానికి ఫోను చేయాలంటే ముందు రెండు సున్నాలు, తర్వాత కంట్రీ కోడ్, అంటే ఆ దేశానికి కేటాయించిన సంఖ్య, ఆ తర్వాత అక్కడి నంబరు కొట్టాలి. కువైట్‌కు 965, ఒమన్‌కు 968. ఏ దేశపు నంబరుకు ఎన్ని అంకెలుంటాయో కూడా బూత్ నడిపేవాడికి వేళ్ళ మీద ఉంటుంది. అప్పట్లో కువైట్‌కు ఏడంకెలు. బల్ల వెనక ప్రపంచపటం అంటించి, ప్రతి దేశం మీదా దాని కోడ్ ఎర్రసిరాతో రాసుకున్నాను.

ఆ పటం ముందే మా ఆట. పురుగుమందుల షాపులో పనిచేసే కోటేశ్వరరావు, ట్యూషన్లు చెప్పుకునే రమణయ్య రోజూ పదింటికల్లా వచ్చి కూర్చునేవాళ్ళు. మంగోలియా రాజధాని ఏది, సముద్రం లేని దేశాలు ఆఫ్రికాలో ఎన్ని, నైలు ఏ సముద్రంలో కలుస్తుంది, ఇలా ఒకరినొకరు అడుక్కోవడం, ఓడినవాడు టీ తెప్పించడం. నేను ఓడింది చాలా తక్కువ. బుర్కినా ఫాసో రాజధాని వాగడూగు అని దర్శిలో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని లోపల ఒక పొగరు కూడా ఉండేది.

ఒక శుక్రవారం పొద్దున మార్తమ్మ, ఆమె భర్త యోహాను వచ్చారు. పక్క ఊళ్ళో మిరపకాయ కోతలకు పోయేవాళ్ళు. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ ఆయన వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఆమె కొంగుముడి విప్పి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"కువైట్‌కి కలపాలి బాబూ. మా అమ్మాయి సువార్త. ఇంటిపనికని పోయి ఎనిమిది నెల్లయింది. శుక్రవారం పొద్దున చేస్తే తనే ఎత్తుద్దంట. ఈయనకి ఊపిరితిత్తులు పోయినయ్యి. ఒంగోల్లో డాక్టర్లు ఇంటికి తీసకపొమ్మన్నారు."

"దాని గొంతు ఒకసారి వింటే చాలయ్యా" అన్నాడు యోహాను.

965 కొట్టి, చీటీలో నంబరు కొట్టాను. నంబరు సరిచూసుకోమని రికార్డు చేసిన గొంతు చెప్పింది. అప్పుడు చీటీలో అంకెలు లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి.

"ఏడుండాలమ్మా. ఒకటి ఎగరగొట్టావు" అన్నాను.

"నే రాసింది కాదు బాబూ. అమ్మాయిని పంపిన ఏజెంటు చేతిరాతే."

"అయితే ఆయన చేతే సరిగ్గా రాయించుకురా."

ఆమె పనిమానుకుని ఒంగోలు పోయి ఏజెంటును కలిసింది. రెండో శుక్రవారం కొత్త చీటీ తెచ్చింది. అవే ఆరంకెలు. ఆయన అంతేనన్నాడని చెప్పింది. నాకు విసుగొచ్చింది. "అంతే ఎట్లా అవుద్దమ్మా? నా కంటే నీకు తెలుసా?" అని గదిమాను. ఇంతలో కోటేశ్వరరావుకు సరదా పుట్టింది.

"పెద్దాయనా, కువైట్ ఏ దిక్కునుందో చెప్పు చూద్దాం. కరెక్టుగా చెబితే నంబరు మావాడే కనిపెడతాడు."

యోహాను అది నిజమే అనుకున్నాడు. చుట్టూ చూసి, కాసేపు ఆలోచించి, ఒంగోలు రోడ్డు వైపు చెయ్యెత్తాడు. "సముద్రం దాటాలంట గదయ్యా. సముద్రం అటే గదా."

"అటు పోతే బర్మా వచ్చుద్ది" అన్నాడు రమణయ్య. ఇద్దరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినందుకు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది ఇప్పుడు. తన కూతురి కోసం తప్పు చెప్పకూడదని అంతసేపు ఆలోచించి చెయ్యెత్తిన మనిషి ఆయన. మేం ఆడుతున్నది టీ కోసం.

మూడో శుక్రవారం కూడా వచ్చారు. యోహాను కూర్చోలేక బెంచీ మీద పడుకున్నాడు. చీటీలో ఏడో అంకె పుట్టలేదు. చివర సున్నా చేర్చి కొట్టాను, ముందు 2 చేర్చి కొట్టాను. ఎవరో అరబ్బీలో తిట్టారు. నాలుగో శుక్రవారం ఇద్దరూ రాలేదు. వాళ్ళ సంగతి నాకు గుర్తుకు కూడా రాలేదు.

ఐదో శుక్రవారం మార్తమ్మ ఒక్కతే వచ్చింది. "పెద్దాయన రాలేదేం?" అన్నాను. "రాలేడు బాబూ" అని బెంచీ చివర కూర్చుంది. మా ఆట మంచి ఊపులో ఉంది. ఆమెను కాసేపు ఆగమన్నాను. అవును, ఆగమన్నాను, ఆట మధ్యలో ఉందని.

"ఒరేయ్, నీ లైన్లోదే అడుగుతున్నా, కాచుకో" అన్నాడు రమణయ్య. "గల్ఫ్‌లో ఫోన్ నంబరుకి ఆరంకెలుండే దేశాలు ఏవిరా?"

"బహ్రెయిన్, ఖతార్, ఒమన్" అన్నాను, ఆయన నోరు మూసేలోపే. కోటేశ్వరరావు బల్ల చరిచాడు. రమణయ్య టీకొట్టు వైపు కేకేశాడు.

"బాబూ" అంది మార్తమ్మ బెంచీ మీద నుంచి. "నా చీటీలోయి గూడా ఆరే గదా."

"నీది కువైటమ్మా" అన్నాడు కోటేశ్వరరావు. "కువైట్లో ఉన్న పిల్లకి ఒమన్‌లో ఫోనేంది?"

ఆమె నా వైపే చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. మా వైపు పల్లెల్లో అరబ్బు దేశం ఏదయినా సరే, ఇంటిపనికి పోతే 'కువైట్ పోయింది' అనే అంటారు. నలుగురు కువైట్ పోతే ఐదోవాళ్ళకూ అదే పేరు. ఆ మాట రోజుకు పదిసార్లు వినేవాణ్ణి నేను. ఆమె ఐదు వారాలుగా నా ముందు పెడుతున్న నంబరులో తప్పేమీ లేదు.

ఆమెను గదిలోకి తీసుకుపోయి బహ్రెయిన్‌కు కొట్టాను. ఎవరో మగమనిషి ఎత్తి పెట్టేశాడు. ఖతార్ కలవలేదు. 968 కొట్టాను. రెండు రింగులకే ఎత్తారు.

"హలో" అంది ఒక ఆడగొంతు, ఆ వెంటనే భయం భయంగా, "ఎవురు?"

రిసీవరు మార్తమ్మ చెవికి నేనే ఆనించి పట్టుకున్నాను. అవతలి గొంతు నాకూ వినబడుతోంది. "అమ్మా, నేను మస్కట్‌లో ఉండా. ప్రతి శుక్రవారం ఫోన్ దగ్గరే కూర్చుంటున్నా. ఎందుకు చెయ్యలేదు? నన్ను మర్చిపోయారనుకున్నా." ఏడుస్తూనే, "నాయన పక్కనున్నాడా? నాయనకియ్యి" అంది.

మార్తమ్మ రిసీవరు నా చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది.

"నాయన పొలం పోయాడే. కోతలు గదా. వచ్చే వారం మాట్టాడతాడులే. నువ్వు తింటన్నావా?"

ఆమె పెట్టేసి బయటికొచ్చాక తనే చెప్పింది. "పోయి తొమ్మిది రోజులైంది బాబూ. అంత దూరాన ఒక్కతే ఉంది. ఇప్పుడు చెబితే దాన్నెవురు పట్టుకుంటారు?"

మర్నాడే ఒంగోలు పోయి ఆ ఏజెంటు మీద విరుచుకుపడ్డాను. దేశం పేరెందుకు చెప్పలేదని కాలరు పట్టుకున్నంత పనిచేశాను. అతను చల్లగా, "వాళ్ళకి అన్నీ కువైటే గదండీ. అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు. తిట్టాల్సినవన్నీ తిట్టాను. బస్సెక్కాక ఆ తిట్లన్నీ తిరిగి నా దగ్గరికే వచ్చాయి. అతనికి అంకెల లెక్క తెలియదు, నాకు తెలుసు. 'వాళ్ళకి' అని అతను అన్న మాట నేను నోటితో అనలేదు, అంతే తేడా.

సోమవారం కోటేశ్వరరావు వచ్చి కూర్చుంటూనే, "వనువాటు రాజధాని?" అన్నాడు. లేచి బయటికి పొమ్మన్నాను. సరదాకి అడిగితే ఇంత కోపమేందిరా అని అలిగాడు. చాలా ఏళ్ళు మాటల్లేవు. నాకేమీ బాధ కలగలేదు.

ఈ పనిలో నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే కోడ్లూ అంకెలూ చెప్పను. అదే చీటీ రమణయ్య తెచ్చి ఉంటే, ఆరంకెలు చూడగానే 'దేశం తప్పేమోరా' అనేవాణ్ణి. మొదటి శుక్రవారమే, యోహాను బెంచీ మీద కూర్చుని ఉండగానే, ఫోను కలిపేవాణ్ణి. మార్తమ్మ తెచ్చింది కాబట్టి అంకె తప్పన్నాను.