పట్టీలక్క కుట్టు

ఆ మైదానంలో అందరూ ఆమెను పట్టీలక్క అనేవారు. హీలియం నింపిన పెద్ద బెలూన్ కింద మనిషిని కట్టి గెంతించే ఆట అక్కడ నడిచేది. బెలూన్ ఎనభై కిలోలు మోస్తే, మనిషీ అతని నడుముకి కట్టిన ఇసుక సంచులూ కలిపి ఎనభై ఐదు తూగాలి. ఆ మిగిలిన ఐదు కిలోలతో మనిషి ఒక్క గెంతుకి చెట్టంత ఎత్తు లేచి, మెల్లగా దిగుతాడు. తొడలకీ భుజాలకీ బిగించే పట్టీలన్నీ అక్క కుట్టినవే. ఒక్కో కుట్టునీ మూడుసార్లు వేసి, ఊడుతుందేమోనని పంటితో లాగి చూసేది.

మూడేళ్ల కిందట ఆమె తమ్ముడు గెంతుతూ పైనుంచి పడ్డాడు. తుంటి విరిగింది. అతుకులేసిన పాత బెలూన్ చిరిగి ఉంటుందని అక్క అనుమానం. యజమాని మాత్రం "కుట్టు ఊడింది, సొంత అక్కే పడేసింది" అని పదిమందిలో అనేశాడు. ఆ పట్టీ చూపించమంటే చెత్తలో పోయిందన్నాడు. బెలూన్‌ని ఆరోజే కాల్పించేశాడు. తమ్ముణ్ణి అడిగితే "నాకేం గుర్తులేదక్కా, కళ్లు తిరిగాయి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అంత చెడ్డ కుట్టయితే ఆవిణ్ణే పనిలో ఎందుకు ఉంచుకున్నాడని ఒక్కరికైనా తోచిందా? తోచదు. నింద వేసిన నోటిని ఎవరూ అడగరు, నింద పడ్డవాళ్లనే అడుగుతారు. పక్కింటావిడ దిండు గలీబు కుట్టడానికి కూడా ఇవ్వడం మానేసింది. మరదలు పిల్లల్ని ఆమె చేతికి ఇవ్వలేదు. అది మాత్రం అక్క గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఇంకొకరైతే కత్తెర విసిరికొట్టి పోయేవారు. పగ తీర్చుకోవాలంటే దగ్గరే ఉండాలని ఆమె పళ్లు కొరుక్కుంటూ అక్కడే ఉంది.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. ఆటను కొనడానికి వచ్చిన పెద్దమనుషుల ముందు తానే గెంతి చూపిస్తానన్నాడు యజమాని. గెంతుతూనే మాట్లాడాలని కాలరుకి మైకు పెట్టుకున్నాడు. కట్టే ముందు గెంతేవాడు ప్రతి సంచినీ చేత్తో ఎత్తి చూసుకోవాలన్నది అక్కడి మొదటి నియమం, అదీ ఆయన పెట్టిందే. ఆయన మాత్రం అతిథులకి చెయ్యి ఊపుతూ "కట్టు, కట్టు" అన్నాడు. అక్క నాలుగు సంచులూ కట్టింది. రెండింట్లో ఇసుక ఉంది, రెండింట్లో గుడ్డపీలికలున్నాయి.

యజమాని గెంతాడు. లేచాడు, ఇంకా లేచాడు, దిగలేదు. నడుము నుంచి నేలమీది చక్రానికి కట్టిన తాడు బిగుసుకుని పదంతస్తుల ఎత్తున వేలాడాడు. తుంటి విరిగాక ఆ చక్రం పక్కన కుర్చీలో కూర్చుని దాన్ని తిప్పేది తమ్ముడే. తిప్పబోతుంటే అక్క చక్రానికి గొళ్లెం పెట్టి, అతిథుల కోసం పెట్టిన మైకు అందుకుంది.

"ఏయ్, దించు. నీ ఉద్యోగం పీకేస్తా."

"పీకేద్దురుగాని. ఇప్పుడు మిమ్మల్ని పట్టుకున్నవి నా కుట్లే కదండీ. అప్పుడు ఊడింది కుట్టేనా?"

గాలి వీచింది. మనిషి గిర్రున తిరిగాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, అలా 'ఏయ్' కాస్తా 'తల్లీ' అయింది.

"కుట్టు కాదు తల్లీ. బెలూనే చిరిగింది. అతుకు ఆగదని తెలిసే ఇచ్చాను. నీ తమ్ముడికి మాత్రం తెలియదా? పడుతూ ఆ చిరుగు చూశాడు. నోరు మూసుకుంటే ఆ చక్రం దగ్గర కుర్చీ బతికున్నంతకాలం వాడిదేనన్నాను, సరేనన్నాడు. అడుగు వాణ్ణి."

ఆ మాటలు మైదానమంతా వినిపించాయి. మూడేళ్లు ఎదురుచూసిన గెలుపు చేతికందిన క్షణంలోనే అక్క యజమానిని వదిలి తమ్ముడి వైపు తిరిగింది. తమ్ముడు తలెత్తలేదు.

"పిల్లలున్నారు కదక్కా," అన్నాడు. "నీకు పని వచ్చు, ఎలాగైనా బతుకుతావనుకున్నాను."

"ఆ పిల్లల్నే రా, నా చేతికి ఇవ్వనిది," అంది అక్క. "ఇంటికి నడు. మీ ఆవిడ ముందు, పిల్లల ముందు చెప్పు. నేను గుమ్మంలో నిలబడి వింటాను."

"ఆయన్ని దించొద్దా?"

"కొనడానికి వచ్చారుగా వీళ్లు. దించడం కూడా నేర్చుకుంటారు."

తమ్ముడు చంకకర్ర అందుకుని, లేవడానికి రెండో చెయ్యి అక్క వైపు చాచాడు. మూడేళ్లుగా రోజూ లేపిన అక్క ఈసారి చెయ్యి ఇవ్వలేదు. అతను కుర్చీ పట్టుకుని తనంతట తానే లేచేదాకా నిలబడి చూసింది.