మల్లిని పిలిచిన గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు అలవాటు. పురానాపూల్ శ్మశానం పక్కనుంచి ఏళ్ల తరబడి పాలు పోసి వచ్చాను, ఒక్క దయ్యమూ నన్ను పలకరించలేదు. ఇప్పుడు నేనే ఇది రాయడం నామోషీగా ఉంది.

మాది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో రెండు బర్రెలు, గౌరి, లచ్చిమి. పాలు పితికేది మా అన్న యాదగిరి. పేరు పెట్టి పిలిచాకే కింద కూర్చునేవాడు. ఆ పిలుపు వినకపోతే పొదుగు నిండా పాలున్నా బర్రెలు చేపేవి కావు, చుక్క వదిలేవి కావు.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. అన్న కామెర్లతో ఆసుపత్రిలో చేరాడు. గౌరి చూడిది, వట్టిపోయి ఉంది. నేను పితకబోతే లచ్చిమి తన్నింది. పాలు పోయించుకునే ఇళ్లు చేజారతాయని భయం వేసి, నా పాటల ప్లేయర్‌లో అన్న పిలుపు రికార్డు చేశాను. వార్డులో పక్క మంచాలవాళ్లు నవ్వుతుంటే, "ఓ గౌరీ, ఓ లచ్చిమీ, సతాయించకుర్రి" అన్నాడు. అంతే.

మొదట తీగ స్పీకరు పెడితే లచ్చిమి తీగ నమిలేసింది. ప్లేయర్‌కు బ్లూటూత్ ఉందిగా అని చిన్న స్పీకరు కొని దూలానికి కట్టాను. ప్లేయర్ జేబులో వేసుకుంటే రెండు చేతులూ ఖాళీ. లచ్చిమి చేపింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆసుపత్రిలో చేరిన పన్నెండో రోజు అన్న పోయాడు.

ఆ తరువాత కూడా పూటపూటకూ ఆ గొంతే పెట్టాను. చచ్చినవాడితో చాకిరీ చేయిస్తున్నానని సిగ్గేసేది. మానేస్తే ఇల్లు గడవదు. అమ్మ ఆ గొంతు వినలేక, బకెట్ అందించి బయటికి వెళ్లిపోయేది.

నెలకు గౌరి ఈనింది, పెయ్య దుడ్డె. అమ్మ మల్లి అని పేరు పెట్టింది. గౌరి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. రికార్డు పెట్టినా తన్నింది. సీసాతో పట్టినా దుడ్డె తాగలేదు. మూడో రోజుకు లేవలేకపోయింది.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు, ప్లేయర్‌లో ఛార్జింగ్ లేదు. అమ్మా నేనూ దుడ్డె పక్కన కూర్చున్నాం. దూలం మీద స్పీకరు నీలం లైటు వెలిగింది. ప్లేయర్‌తో కలిస్తే తప్ప అది వెలగదు.

"ఓ గౌరీ. ఓ లచ్చిమీ." చిన్న దగ్గు, అన్నదే. "మల్లీ, లెవ్వు బిడ్డా."

గౌరి వంగి దుడ్డెను నాకింది. అది వణుకుతూ లేచి పొదుగు అందుకుంది.

నాకు ఏడుపాగలేదు. అమ్మ మాత్రం పైకే చూస్తూ, "అందర్ని పిలిచిండు. నన్నొక్కదాన్ని పిల్వలే" అంది.

సాయంత్రం ఛార్జింగ్ పెట్టి విన్నాను. రికార్డులో రెండు పేర్లే ఉన్నాయి, దగ్గు లేదు. నయాపూల్‌లో రిపేర్లు చేసే ఒకాయన స్పీకరు విప్పి చూసి, "దీంట్ల గొంతు దాచే జాగనే లేదు భాయ్" అన్నాడు. ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు, ఈరోజుకీ అంతే.

ఆ స్పీకరు మళ్లీ తనంతట తాను పలకలేదు, ఎప్పుడో పాడైపోయింది. దూలం నుంచి విప్పేస్తానంటే అమ్మ ఒప్పుకోదు. ఆ గొంతు వినలేక బయటికి వెళ్లిపోయిన మనిషి, ఇప్పుడు రోజూ కొట్టం ఊడ్చాక దాని కింద కాసేపు నిలబడుతుంది.