చెరకు పక్క సున్నపు గీత

జహీరాబాద్ శివారులో మేం సాఫ్ట్‌బాల్ ఆడించే గ్రౌండుకు మూడు వైపులా గోడ, నాలుగో వైపు చెరకు తోట. గోడ లేని చోట ఆట ఎక్కడిదాకా అన్నది అంపైరే చెప్పాలి. ఆ మధ్యాహ్నం అంపైర్‌ని నేను. చెరకుకు కాస్త ఇవతల సున్నంతో గీత గీశాను.

మా పిల్లలతో ఆడటానికి రాయికోడ్ ఆడపిల్లల జట్టును తీసుకొచ్చిన సారు గీత మీద కాలు పడితే ఏమిటని అడిగారు. గీత తొక్కినా లోపల ఉన్నట్టేననీ, క్యాచ్ చెల్లుతుందనీ, గీత అవతల కాలు పెడితే మాత్రం బంతి డెడ్, ఆట అక్కడికి ఆగినట్టేననీ చెప్పాను.

చెరకు మొదళ్ల దగ్గర ఒక కుక్క పడుకొని ఉంది. ఆట మొదలై చాలాసేపైనా అది కదల్లేదు. పిల్లల అరుపులకు చెవైనా ఆడించలేదు. నా చూపు మాటిమాటికీ అటే పోయింది.

చివర్లో మా జట్టు పిల్ల కొట్టిన బంతి పక్కకు, చెరకు వైపు లేచింది. దాన్ని క్యాచ్ పట్టుకుంటే మావాళ్లు అవుట్, ఆట వాళ్లది. రాయికోడ్ పిల్ల ఒకతె ఆకాశంలోకే చూస్తూ పరుగెత్తింది. అప్పుడు కనిపించింది, కుక్క మీదుగా మోకాలెత్తున సన్నటి తీగ.

"డెడ్ బాల్! ఆగు!" అని అరిచాను.

పిల్ల గీత మీద ఆగిపోయింది. బంతి తీగ కిందికి దొర్లింది.

సారు కోపంగా వచ్చారు. "బాల్ గాల్ల ఉండంగనే డెడ్ ఎట్లయితది మేడం?"

ఆయన అన్నది నిజమే. నేలను తాకేదాకా ఆ బంతి ఆటలోనే ఉన్నట్టు. నేను జవాబు చెప్పేలోపే ఆ పిల్ల బంతి కోసం వంగబోయింది. చెయ్యి పట్టి వెనక్కి లాగాను.

తోటలోంచి రైతు పరుగున వచ్చాడు. "ముట్టకున్రి. అడవి పందుల కోసం పెట్టిన. పొద్దున కరెంటు తియ్య మరిచిన."

అతను వెళ్లి కరెంటు లైనుకు తగిలించిన కొక్కెం తీశాడు. సారు మళ్లీ రూలు ఎత్తలేదు. అవుట్ ఇవ్వకుండా ఫౌల్ ఇచ్చి ఆట సాగించాను. తర్వాతి బంతికే మావాళ్లు గెలిచారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆటో ఎక్కబోతూ ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. కుక్క పడి ఉన్న వైపు చూడటం లేదు.

"మేడం, నేనైతే క్యాచ్ పడుతుంటి."

"పడుతుంటివి బిడ్డా," అన్నాను.