పసుపు రాసిన డాంగిల్

అన్న కూతురి బారసాలకి అన్నే లేడు. మంగళూరులో ఫిషింగ్ బోటు మీద పని. ఇరవయ్యొకటో రోజున పాప చెవిలో పేరు చెప్పాల్సింది తండ్రి. ఫోన్లో చెప్పెయ్యమంటే, మొహం చూడకుండా పేరెలా పెడతానని మొండికేశాడు. పన్నెండింటికి బోటు కదులుతుంది, ఈలోగా నెట్ సెంటర్లో వీడియో కాల్‌కి కూర్చుంటానన్నాడు. ఇక్కడ ఒడిశా ఒడ్డున మా మార్కండిలో కంప్యూటరున్న మొనగాణ్ణి నేనే.

నా కంప్యూటర్లో విండోస్ కాదు, లినక్స్. కొనక్కర్లేదు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు అని కనబడ్డవాళ్ళందరికీ గొప్పలు చెప్పేవాణ్ణి. బరంపురం వెళ్ళి డాంగిల్ తెచ్చాను, పెన్‌డ్రైవ్ అంత మోడెమ్. విండోస్‌కైతేనే గ్యారంటీ అన్నాడు దుకాణంవాడు. నవ్వేసి వచ్చాను.

పొద్దున్న ఏడింటికి గుచ్చాను. లైటు వెలిగింది, నెట్ రాలేదు. తీసి మళ్ళీ గుచ్చాను. వేరే పోర్టు, వేరే కమాండు, రీస్టార్టు. స్క్రీను మీద ఎంతసేపూ సీడీ బొమ్మే. చుట్టాలు దిగిపోతున్నారు. అన్న ఐదుసార్లు ఫోన్ చేశాడు. వదిన పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి నా వీపే చూస్తోంది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మళ్ళీ కూర్చోవాలనిపించేది. ఊరకే వచ్చిన సిస్టం ఊరకే కూకుంటాది మరి, అని మావయ్య ఒక విసురు విసిరాడు.

పదకొండున్నరకి పీకి వెలుగులో పెట్టి చూస్తే, డాంగిల్ ఇనప మూతి సందుల్లో పసుపు. మా ఇంట్లో కొత్త వల దగ్గర్నుంచి కొత్త మిక్సీ దాకా పసుపు, బొట్టు పడందే వాడరు. నేను ముందురోజు బజారుకెళ్ళినప్పుడు అమ్మ దీనికీ పెట్టిందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటమ్మా ఇది? పసుపెట్టి దీన్ని సంపీసావు" అని అందరి ముందూ అరిచాను.

అమ్మ కొంగుతో దాన్ని తుడుస్తూనే ఉంది. తుడిచినా నెట్ రాలేదు, పసుపు లోపలికి దిగిపోయిందని తేల్చేశాను. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా, బోటు ఎక్కాలని చెప్పి అన్న ఫోన్ పెట్టేశాడు. పాప చెవిలో పేరు నేను చెప్పాను. నా గొంతు నాకే నచ్చలేదు.

నాలుగు రోజుల తర్వాత ఛత్రపురం నెట్ సెంటర్లో చదివి తెలుసుకున్నాను. ఆ డాంగిల్‌లోనే దాని సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది. లినక్స్ ముందు దాన్నే చూసి సీడీ అనుకుంటుంది. ఆ సీడీని ఒకసారి ఎజెక్ట్ చేస్తే, అంటే బయటికి తీసేయమంటే, అప్పుడు మోడెమ్ కనిపిస్తుంది. ఇంటికొచ్చి ఒక్క కమాండు కొట్టాను. నెట్ వచ్చేసింది. మూతి సందుల్లో పసుపు ఇంకా అలాగే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నది నాలాంటివాణ్ణి చూసే. అమ్మకి చెబుదామని పెరట్లోకి వెళ్ళాను. ఎండుచేపలు తిరగేస్తోంది. రేపు చెప్పొచ్చులే అనుకుని వచ్చేశాను.

వానాకాలం వేట ఆపినప్పుడు అన్న ఇంటికొచ్చాడు. పాప ఆ కొత్త మొహం చూసి గుక్కపట్టి ఏడ్చింది. అన్నకీ నాకూ అన్నం వడ్డిస్తూ అమ్మ అంది:

"నీ సేత పేరెట్టించుకునే రాత దానికి నేకుండా సేసింది నానే నాయినా. పసుపు రాసీసినాను."

పోన్లే అమ్మా, అన్నాడు అన్న.

నేను తల ఎత్తకుండా, ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాను.