తెర వెనక ఎడమ చెయ్యి

చెవుల డాక్టరుగారి క్లినిక్కులో వినికిడి పరీక్షలు చేసేది ఆవిడే. చుట్టుపక్కల వినపడని పెద్దమనుషులందరూ ఏదో ఒకనాడు ఆవిడ అద్దాల కిటికీకి అవతల, చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చుని, కూత వినపడినప్పుడల్లా చెయ్యెత్తినవాళ్ళే. వినపడకపోయినా పరువు కోసం ఎత్తేవాళ్ళూ ఉంటారు. ఆవిడ వాళ్ళని మొహం చూసి పట్టేస్తుంది. పట్టేసినట్టు మాత్రం వాళ్ళకి తెలియనివ్వదు.

పగలంతా ఇంత నిశ్శబ్దంగా బతికే మనిషి సాయంత్రం ఇంటికెళ్ళి ఎంత గోల చేస్తుందో క్లినిక్కులో ఎవరికీ తెలియదు. ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం సింథసైజర్లు.

చూడ్డానికి అది కీబోర్డులాగే ఉంటుంది, కానీ ఆ మాట ఆవిడ ముందు అనకూడదు. కీబోర్డులో వేణువో వయొలినో ముందే నింపి పెట్టి ఉంటుంది, మీట నొక్కితే పలుకుతుంది. సింథసైజర్లో కరెంటు తప్ప ఏమీ ఉండదు. ఆ కరెంటునే నాబ్‌లు తిప్పి, వంచి, వడగట్టి, కావలసిన స్వరాన్ని ఎవరికి వారు తయారుచేసుకోవాలి. "వండింది తెచ్చుకోవడానికీ, వండుకోవడానికీ ఉన్నంత తేడా" అని ఆవిడ చుట్టాలకి విడమరిచి చెబుతుంది. చుట్టాలు శ్రద్ధగా విని, "మరి ఇందులో డ్రమ్ములు కూడా వస్తాయా?" అని అడుగుతారు. దాంతో ఆవిడ "ఏదో కాలక్షేపానికి లెండి" అని నవ్వేసి టీ పెట్టడానికి లోపలికి పోతుంది.

ఆవిడ దగ్గరున్న యంత్రం మూతపడ్డ ఒక రికార్డింగ్ స్టూడియో వెనక వరండాలో, పెయింటు డబ్బాల కింద దొరికింది. తెచ్చిననాడు అది మూగది. దాన్ని విప్పి, ఒక్కో తీగనీ పరీక్షించి, తెలియనిచోట పుస్తకాలు చదివి, చదివినా అర్థం కానిచోట చెయ్యి కాల్చుకుని, రెండేళ్ళకి దానిచేత "మ్" అనిపించింది. ఆ ఒక్క "మ్" విని ఆవిడ వంటింటి గుమ్మంలో కూలబడి ఏడిస్తే, షాక్ కొట్టిందేమోనని భర్త పరుగున వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు. అలా ఆ యంత్రం పుట్టీ పుట్టగానే ఒకసారి చచ్చి బతికింది.

దానికి సగం నాబ్‌లు ఊడిపోయి ఉంటే, చెవి మిషన్ల కోసం చెవి అచ్చులు పోసే గులాబిరంగు ముద్దతో ఆవిడే కొత్తవి పోసి బిగించింది. నల్లటి పెట్టెకి వరసగా చెవులు మొలిచినట్టుంటుంది. ఇంట్లో దాన్ని చెవులపెట్టె అంటారు.

భర్త లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు. మాట తక్కువ మనిషి. ఆయన ఇంటికి చేసిన చట్టం ఒక్కటే: పడకగది కిటికీ పక్కనున్న బల్ల ఆవిడది, దాని మీద పట్టినంతే సంగీతం. కొత్తది ఎక్కాలంటే పాతది దిగాలి. "లిఫ్టుకైనా అంతే కదోయ్. ఇంతకు మించి ఎక్కించకూడదని లోపల రాసే ఉంటుంది" అన్నాడు. ఆవిడ ఆ చట్టాన్ని ఒప్పుకుంది. ఆ బల్ల మంచం కన్నా పెద్దదని ఆయన తరవాత గమనించాడు.

ఆదివారం పొద్దున్న ఆ బల్ల చుట్టూ ఒక సంఘం కూడుతుంది. సభ్యులు ముగ్గురు. ఒకరు ఆవిడ. రెండోవాడు సందు చివర టైలరు, ఆవిడని అక్కా అంటాడు, కుట్టుమిషను చప్పుడుకి తాళం వేసుకుంటూ పాటలు కడతాడు. మూడోవారు పెద్దాయన. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన హయాంలో బజారులో తక్కువ తూచినవాడు తిన్నగా నిద్రపోయిందిలేదట. ఈ మాట చెప్పింది ఆయనే.

సంఘం పని యంత్రాలని పోల్చడం. ఎవరు ఏది కొనాలన్నా, ఏది వదులుకోవాలన్నా ముందు తెర దాటాలి. "మనుషులు సింథసైజర్లని కళ్ళతో వింటున్నారు. నాలుగు దీపాలు వెలిగితే చాలు, ఆహా ఏం స్వరం అంటారు. ఇది తూకంలో మోసం" అని పెద్దాయన సిద్ధాంతం. అందుకని టైలరు ముదురు నీలం గుడ్డతో ఒక తెర కుట్టాడు. తెర వెనక రెండు యంత్రాలు పెడతారు. ఒకే మనిషి రెండింటి మీదా ఒకే స్వరాలు వాయిస్తాడు. ముందు కూర్చున్నవాళ్ళు ఏది మేలో చేతులెత్తి చెబుతారు.

వాయించే మనిషికి సంగీతం మీద ఏ అభిప్రాయమూ ఉండకూడదని నియమం. వెతకబోతే అలాంటివాడు ఇంట్లోనే దొరికాడు. ఆవిడ భర్త మీటలు నొక్కుతుంటే మూడో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ వెళుతున్నట్టే ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కమన్నా ఒకేలా నొక్కుతాడు, ఎక్కడా తలుపు తెరుచుకోదు.

ఆ నెల సంగీత పరికరాల షాపువాళ్ళు ఆవిడ చేతికి ఒక కొత్త సింథసైజరు ఇచ్చారు. రెండు వారాలు చూసుకుని, నచ్చితే ఉంచుకోవచ్చు. సన్నగా, అందంగా, దీపాలతో విమానంలా ఉంది. ఆవిడ మనసు పడింది. కానీ ఎంత పెద్ద బల్లయినా చెవులపెట్టెతో, దాని సామానుతో అప్పటికే నిండిపోయి ఉంది. చెవులపెట్టె ఉండాలా దిగాలా అన్నది తెర ముందుకొచ్చింది.

ఆవిడ రెండింటి శబ్దాన్నీ చెవితో సమానంగా సరిచేసి, తెర ఇవతలికి వచ్చి కూర్చుంది. లోపల భర్త అంతస్తులు ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి స్వరానికే ఆవిడకి తెలిసిపోయింది. చెవులపెట్టె స్వరం ఒక వెంట్రుకవాసి కిందనుంచి వచ్చి, ఎక్కి, అప్పుడు కూర్చుంటుంది. పక్కన రెండోది విప్పారినట్టు, నిండుగా, దగ్గరగా ఉంది. పెద్దాయన రెండోదానికి ఎత్తారు. టైలరూ రెండోదానికే ఎత్తాడు. ఆవిడ తన మొహాన్ని తనే అద్దాల కిటికీలోంచి చూస్తున్నట్టు ఒక క్షణం కూర్చుంది. పరువు కోసం చెయ్యెత్తేవాళ్ళని చూసి చూసి ఉంది. ఆ కోవలో చేరడం ఇష్టంలేక, తనూ రెండోదానికే ఎత్తింది. తెర తీస్తే రెండోది కొత్తదే.

"సభ్యురాలు సొంత యంత్రానికి వ్యతిరేకంగా చెయ్యెత్తింది. సంఘానికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?" అన్నారు పెద్దాయన లేచి నిలబడి. మళ్ళీ కూర్చుని, కాస్త గొంతు తగ్గించి, "ఎలాగూ దింపుతున్నావు కాబట్టి, అమ్మాయ్, అది బయటివాళ్ళ చేతిలో పడకుండా నాకిచ్చెయ్యి. కిటికీ దగ్గర చోటు ఎప్పుడో ఖాళీ చేసి ఉంచాను" అన్నారు.

"ఎప్పుడో అంటే?" అన్నాడు టైలరు.

"ఐదారేళ్ళయిందిలే."

వచ్చే ఆదివారం తీసుకెళ్ళేట్టు నిర్ణయమైంది. టైలరు అప్పటికప్పుడే టేపు తీసి, ముసుగు కుట్టడానికి చెవులపెట్టె కొలతలు తీసుకున్నాడు. నాబ్‌ల దగ్గర టేపు ఆనినప్పుడు ఆవిడ అటు చూడలేదు.

ఆ వారం ఆవిడ దాని స్విచ్ వెయ్యలేదు. కొత్తదాని మీదా వాయించలేదు. భర్త రెండుసార్లు అడిగాడు, "ఒంట్లో బాగానే ఉందా?" అని. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఆయనకి లిఫ్టు మధ్యలో ఆగినట్టుంటుందట.

శుక్రవారం క్లినిక్కుకి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు వచ్చారు. రెండు చెవి మిషన్లు పెట్టి చూపించింది. మాస్టారు రెండోదాన్ని చెవినుంచి తియ్యనివ్వలేదు. "ఇదేనమ్మా. దీని దర్జా వేరు" అన్నారు.

ఇలాంటప్పుడు చెప్పడానికి ఆవిడ దగ్గర ఒక పాఠం ఉంది. రోజూ చెప్పి చెప్పి అది నోట్లో దానంతటదే తిరుగుతుంది. "అది కాస్త గట్టిగా పెట్టి ఉంది మాస్టారూ. కాస్త తేడా ఉంటే గట్టిగా ఉందని చెవి చెప్పదు, బాగుందని చెబుతుంది. రెండూ సమానం చేస్తాను, మళ్ళీ..."

అక్కడ ఆగిపోయింది.

"మళ్ళీ?" అన్నారు మాస్టారు.

"మళ్ళీ వినాలి" అంది ఆవిడ, మాస్టారితో కాదు.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా భర్తని బల్ల దగ్గరికి పిలిచింది. "ఏవండీ, ఆదివారం ఎలా వాయించారో అలాగే ఒక్కసారి వాయించండి." తెర వెయ్యలేదు, పక్కనే నిలబడింది. ఆయన ఆదివారంలాగే మొదట చెవులపెట్టె ముందుకి జరిగాడు. కుడిచెయ్యి మీటల మీదికి పోయేలోపు, ఎడమచెయ్యి ఎవరూ పంపకుండానే బయలుదేరి, వాల్యూం నాబ్‌ని ఒక పిసరు ఎడమకి తిప్పి, బుద్ధిగా ఒళ్ళోకి వచ్చి పడుకుంది.

"ఏంటండీ అది?"

"ఏది?"

"మీ ఎడమచెయ్యి."

ఆయన దాన్ని అద్దెకొచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. "అలవాటు" అన్నాడు.

"ఏం అలవాటు?"

"నువ్వు లేచి వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా కాస్త తగ్గిస్తుంటాను. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని."

"పక్కిల్లు ఖాళీ అయి ఏడాదయింది."

"చేతికి ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

ఆవిడకి కోపం రావలసింది, నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక భయం పట్టుకుంది. ఈ సంగతి ఆదివారం చెబితే, ఓడిపోయినదాని ఏడుపులా ఉంటుంది. పెద్దాయన కిటికీ దగ్గర చోటు తుడిచి పెట్టుకుని ఉంటారు. ముసుగు కుట్టడం కూడా అయిపోయి ఉంటుంది. చెప్పకపోతే, తను రెండేళ్ళు కష్టపడి బతికించింది ఒక దొంగతూకంలో ఓడి ఇల్లు దాటుతుంది. ఓడిపోవడానికి ఆవిడకి అభ్యంతరం లేదు. తన చెయ్యే ఎత్తి ఓడించింది. కానీ పాతికేళ్ళుగా జనానికి చెప్పే పాఠం తన ఇంట్లోనే తప్పింది. అది మింగుడు పడలేదు.

ఆదివారం అందరూ కూర్చున్నాక టీ కూడా ఇవ్వకుండా చెప్పేసింది. చెప్పి, "ఈసారి నేను చెయ్యెత్తను. గోడవైపు తిరిగి కూర్చుంటాను. మీరిద్దరూ ఏది చెబితే అదే" అంది.

పెద్దాయన పక్కనే సంచిలో కొత్త ముసుగు మడత పెట్టి ఉంది.

"ముప్ఫైయేళ్ళ సర్వీసు. బెల్లం కొట్టువాడు త్రాసు కింద అంటించిన చింతపండు ముద్దని దూరంనుంచే పట్టుకున్నవాణ్ణి. నా ముందే, తెర కట్టించి మరీ..." అన్నారు.

"బాబాయ్, బావగారిని అరెస్టు చేద్దామా?" అన్నాడు టైలరు.

"ఎడమచేతిని చెయ్యి" అన్నారాయన.

టైలరు కొలతల టేపుతో బావగారి ఎడమచేతిని కుర్చీకి కట్టేశాడు. బావగారు ఇందుకు పూర్తిగా సహకరించాడు. డాక్టరుగారిని అడిగి ఆవిడ క్లినిక్కునుంచి తెచ్చిన శబ్దం కొలిచే మీటరుని పెద్దాయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు నుదుటికెత్తి, దించి, మళ్ళీ ఎత్తి, రెండు యంత్రాలనీ ముల్లుకి ముల్లు సమానం చేయించారు. నాబ్‌ల మీద అతుకు కాగితం వేసి దాని మీద సంతకం చేశారు. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు.

తెర పడింది. ఆవిడ గోడవైపు తిరిగింది.

మొదటిది మొదలయింది. అది కొత్తదని ఆవిడకి తెలిసింది. బాగుంది, శుభ్రంగా ఉంది. తరవాత రెండోది. వెంట్రుకవాసి కిందనుంచి వచ్చి, ఎక్కి, కూర్చుంది. కూర్చున్నాక గది మొత్తం దానిదే అయింది. ఆవిడ పెదవి కదలకుండా పళ్ళు బిగబట్టింది, గోడకి తప్ప ఎవరికీ కనపడకపోయినా.

"రెండు" అన్నాడు టైలరు వెంటనే. "అక్కా, ఇందులో మనిషి గొంతుంది."

పెద్దాయన ఇంకోసారి వాయించమన్నారు. ఆ తరవాత మరోసారి. కళ్ళు మూసుకుని విన్నారు. ఏది చెవులపెట్టో ఆయనకీ ఈపాటికి తెలిసే ఉంటుంది. దాన్ని గెలిపిస్తే అది తన కిటికీ దగ్గరికి రాదనీ తెలుసు. ఆయన చెయ్యి సంచి మీదనుంచి లేచింది.

"రెండు" అన్నారు. "త్రాసు సరిగ్గా ఉంటే ఇక మాటలెందుకు?"

భర్త కుడిచేత్తో తెర లాగాడు. గులాబిరంగు నాబ్‌లన్నీ వరసగా, విన్నది చాలన్నట్టు నిలబడి ఉన్నాయి. పెద్దాయన ముసుగు తీసి, మడతలు విప్పి, తనే దాని మీద కప్పి, మూలలు సర్దారు. "నాకెందుకిది. దీనికని కుట్టింది మా ఇంట్లో ఇంకేదానికీ పట్టదు" అన్నారు. ఆ తరవాత టీ అడిగారు, రెండుసార్లు.

సోమవారం సాయంత్రం షాపు మనిషి కొత్తదాన్ని వెనక్కి తీసుకెళ్ళడానికి వచ్చాడు. డబ్బాలో పెడుతూ, ముసుగు అంచు కింద గులాబిరంగు చూసి ఆగాడు. "ఇదేంటండీ, ఏ కంపెనీది?"

చుట్టాలకి చెప్పే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది.

"మూగది దొరికితే నేను మాటలు నేర్పాను" అంది. "మొన్న మీ కొత్తదానితో సమానంగా తూచాం. ఇదే ఉంటోంది."

"ఒకసారి వినొచ్చా?"

ఆవిడ ముసుగు తీసి మీటల మీద చేతులుంచింది. గుమ్మంలో నిలబడ్డ భర్త నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన ఎడమచెయ్యి వాల్యూం నాబ్ మీదికి వెళ్ళింది. ఆవిడ ఓరగా చూసింది. అతుకు కాగితాన్ని, పెద్దాయన సంతకంతో సహా పీకి, ఆ చెయ్యి నాబ్‌ని కుడివైపుకి తిప్పింది.