చొక్కా మీది దుమ్ము

యాసిడ్ అంటే మేస్త్రికి ఉన్నంత భయం ఆ వీధిలో ఇంకెవరికీ లేదు. ఏళ్ళ తరబడి పాత బ్యాటరీల షాపులో పనిచేసినా అతని ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు గమ్‌బూట్లు లేనిదే ఏ బ్యాటరీ మూతా విప్పేవాడు కాదు. కొత్తగా చేరినవాళ్ళకు అతను నేర్పే మొదటి పాఠం ఒకటే. "నీళ్ళలో యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్ళు పోశావో, అది నీ మొహాన ఉమ్ముతుంది." ఎక్కడైనా చుక్క చిందితే పోయడానికి సోడా కలిపిన నీళ్ళ బకెట్టు ఎప్పుడూ పక్కనే ఉండేది.

ఎదురుగా టైర్ల షాపువాళ్ళు నవ్వేవాళ్ళు. "మన మేస్త్రి పెళ్ళిపీటల మీద కూడా గమ్‌బూట్లతోనే కూర్చున్నాడంట!"

"నవ్వండి, నవ్వండి. నవ్వడానికి నాకింకా మొహం మిగిలే ఉంది" అనేవాడు మేస్త్రి.

షాపంటే పెద్దదేం కాదు. రేకుల కప్పు కింద పొడుగాటి గది. ముందు భాగంలో అమ్మకం, వెనక భాగంలో పని. లారీలవీ కార్లవీ చచ్చిన బ్యాటరీలు వచ్చేవి. వాటిలోని యాసిడ్ వంచేసి, డబ్బా పగలగొట్టి, లోపలి సీసం పలకలు బయటికి లాగేవాళ్ళు. పనికొచ్చే పలకలు ఏరి పక్కన పెట్టి, మిగతావి మూకుట్లో కరిగించి, కొత్త పట్టీలు పోసి, మళ్ళీ బ్యాటరీ కట్టేవాళ్ళు. పలకలు విడదీసేటప్పుడు బూడిద రంగు పొడి రాలేది. బల్ల మీద, కనుబొమల మీద, చెవుల వెనక, చొక్కా మడతల్లో అదే. అది మండదు, కుట్టదు, వాసన రాదు. చీపురుతో ఊడిస్తే లేచి గాల్లో ఓ చుట్టు తిరిగి, తీరిగ్గా వచ్చి మళ్ళీ కూర్చునేది. కరిచే కుక్కకు గొలుసు వేసిన మేస్త్రి, ఇంట్లో దూరే చెదను చెద అనుకోలేదు.

అతనికి పెళ్ళయిన చాలా కాలానికి కూతురు పుట్టింది. ఇక పిల్లలు లేరనుకుని భార్యాభర్తలిద్దరూ మనసు రాయి చేసుకున్నాక పుట్టిన పిల్ల. వాళ్ళుండేది రెండు గదుల ఇల్లు, వెనక చిన్న పెరడు. సాయంత్రం సైకిల్ చప్పుడు వినబడితే చాలు, పాప వీధిలోకి పరుగెత్తుకొచ్చేది. స్టాండు కూడా వేయనిచ్చేది కాదు. కాళ్ళకు చుట్టుకుని, పైకి పాకి, మెడలో మొహం దాచుకుని, చొక్కా జేబులో చెయ్యి పెట్టేది. జేబులో రోజూ ఒక బిస్కెట్టు ఉండేది. అది నమిలేసరికి పిల్ల పెదాల పైన బూడిద రంగు గీత పడేది.

"తండ్రికి రాని మీసం కూతురికొచ్చింది" అని నవ్వేది భార్య. "ఆ మురికి చొక్కా విప్పి ఎత్తుకోకూడదూ?"

"ఈ చొక్కా విప్పితే అది నన్ను గుర్తుపడుతుందంటావా?"

ఆమె మురికి గురించే అంది. ఆమెకు తెలిసింది అంతే. ఆ చొక్కా పెరట్లో విదిలించి, తొట్టిలో నానబెట్టి, ఉతికి ఆరేసి, మర్నాడు పొద్దున అదే తొట్టిలో పిల్లకు నీళ్ళు పోసేది.

పాపకు మాటలు తొందరగానే వచ్చాయి. నాన్న, పాలు, పిల్లి, ఇంకా, వద్దు. ఆ తర్వాత ఎందుకో కొత్త మాటలు రావడం ఆగిపోయింది. వచ్చినవి కూడా ఒక్కొక్కటే జారిపోసాగాయి. పిల్లి కనబడితే వేలు చూపించేది తప్ప పేరు పెట్టేది కాదు. అన్నానికి పేచీ. ఊరికే ఏడుపు. కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. నులిపురుగుల మందు వేశారు. పాలిపోతోందని బలానికి టానిక్కు పట్టారు.

"దీని బాబుకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయంట" అంది చూడ్డానికి వచ్చిన మేస్త్రి అత్తగారు. "ఇప్పుడు ఆపమంటే ఆపుతున్నాడా?" అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

ఒక రోజు పొద్దున స్నానం చేయిస్తుండగా పాప కళ్ళు తేలేసింది. ఒళ్ళంతా కొయ్యబారి కొట్టుకోసాగింది. తడి ఒంటితోనే తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి పరుగెత్తారు. పనికి బయల్దేరబోతున్న మేస్త్రి ఒంటి మీద, ఎంత ఉతికినా దుమ్ము వదలని అదే చొక్కా.

పిల్లల డాక్టరమ్మ ముందు ఫిట్స్ ఆపే పని చూసింది. ఆగాక చాలా అడిగింది. తిండి, నిద్ర, మాటలు, ఇంటి గోడల రంగులు. చివరికి మేస్త్రి వైపు తిరిగింది. "మీరేం పని చేస్తారు?"

"బ్యాటరీ పనమ్మా."

"పని బట్టలతోనే ఇంటికి వస్తారా?"

"వస్తానమ్మా. కానీ యాసిడ్ చుక్క కూడా ఇంటికి తేను. తొడుగులు, బూట్లు అన్నీ అక్కడే కడిగి పెట్టేసి వస్తా. ఆ జాగ్రత్త నాకు మొదట్నుంచీ ఉందమ్మా."

ఆమె తడి దూది తీసుకుని అతని చొక్కా కాలరు మీద రాసి చూపించింది. తెల్ల దూది బూడిద రంగుకు తిరిగింది. "యాసిడ్ గురించి కాదండీ" అంది. "దీని గురించి."

రక్తపరీక్ష వచ్చాక భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "యాసిడ్ కాలుస్తుంది కాబట్టి జాగ్రత్తపడ్డారు. సీసం కాల్చదు. నోట్లోకీ ఊపిరిలోకీ పోయి, రక్తంలో కలిసి, ఎముకల్లో ఇల్లు కట్టుకుంటుంది. మీ ఒంట్లోనూ ఉంటుంది, మీకూ పరీక్ష చేయాలి. కానీ పెద్దవాళ్ళకన్నా పసివాళ్ళ ఒళ్ళు దాన్ని ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. బట్టల మీద, జుట్టులో, చేతుల మీద ఇంటికొచ్చిన దుమ్ము చాలు."

"మందు ఉందా అమ్మా?"

"ఉంది. రక్తంలోంచి చాలావరకు లాగేస్తాం. ఫిట్స్ తగ్గుతాయి."

"మాటలు?"

"కొన్ని రావచ్చు. మెదడుకు జరిగిన నష్టం మాత్రం వెనక్కి రాదండీ. ఇంక జరగకుండా చూసుకోవాలి. ఆ దుమ్ము రవ్వంత కూడా మళ్ళీ మీ ఇంట్లోకి రాకూడదు."

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నారు ఇద్దరూ.

"నేనే తెచ్చాను" అన్నాడు మేస్త్రి. "ఈ చేతులతో తెచ్చి, జేబులో పెట్టి, తినిపించాను."

"విదిలించిందెవరు? ఉతికిందెవరు? ఆ తొట్టిలోనే దానికి నీళ్ళు పోసిందెవరు?"

"నీకేం తెలుసు, పాపం."

"మీకు తెలుసా?"

ఎవరింట్లోనైనా తప్పును అవతలివాళ్ళ మీదికి తోస్తారు. వీళ్ళిద్దరూ దాన్ని ఎవరికి వారు తమ వైపు లాక్కున్నారు. చివరికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "సగం నాకివ్వండి" అంది. "మొత్తం మీరే మోస్తే మిమ్మల్ని నేను మోయలేను."

పాప ఆసుపత్రిలో ఉండగానే ఆమె ఇల్లంతా తడిగుడ్డతో తుడిచింది. చీపురు పట్టలేదు, దుమ్ము లేస్తుందని డాక్టరమ్మ వద్దంది. పరుపు, తొట్టి, గుడ్డ బొమ్మలు పారేసింది. మేస్త్రి యజమాని దగ్గరికి వెళ్ళాడు.

"షాపులో స్నానానికి గది కావాలి సార్. పని బట్టలు ఇక్కడే ఉండిపోవాలి. ఉతుకుడు కూడా ఇక్కడే."

"ఇది షాపనుకున్నావా, అత్తారిల్లనుకున్నావా?" అన్నాడు యజమాని. "మా నాన్న జీవితమంతా ఈ దుమ్ములోనే బతికాడు. ఏమైంది?"

"ఆఖర్న ఆయన చేతులు మణికట్టు దగ్గర వేలాడిపోయాయి కదా సార్. పక్షవాతం అన్నారు. ముద్ద కలిపి మీరే తినిపించేవాళ్ళు. నేను డాక్టరమ్మను అడిగాను. సీసం వల్ల అలాగే వేలాడతాయంట."

యజమాని కుర్చీలో కూర్చుండిపోయాడు. తన చేతులు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు వాటినే చూశాడు. "ప్లంబర్ని పిలువు" అన్నాడు చివరికి.

కానీ ప్లంబరు రావడం ఆలస్యమైంది. ఈలోగా పాప ఇంటికొచ్చింది. అంతవరకు మేస్త్రి పని మానుకోలేదా అంటే, మానితే ఇంకొక పని అతనికి రాదు. వెనక సందు తలుపు దగ్గర భార్య నీళ్ళ బకెట్టు, సబ్బు, ఉతికిన బట్టలు పెట్టేట్టు, అతను పెరట్లోనే స్నానం చేసి లోపలికొచ్చేట్టు ఏర్పాటు చేసుకున్నారు.

మొదటి సాయంత్రం గంట కొట్టకుండా, సైకిల్ నడిపించుకుంటూ వెనక సందులోంచి వచ్చాడు. చైను చప్పుడుకే గుర్తుపట్టింది పిల్ల. ఆసుపత్రిలో ఎన్నో రోజులు మంచం మీద ఉండి చిక్కిపోయిన కాళ్ళతో, వంటగదిలోంచి పెరట్లోకి, రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తుకొచ్చింది. మేస్త్రి చొక్కాలోంచి ఒక చెయ్యే బయటికి తీశాడప్పటికి.

"రావద్దు! ఆగక్కడే! ముట్టుకోకు!"

ఆ గొంతు అతనిదని అతనే నమ్మలేకపోయాడు. పాప టక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది, నాన్న ఎవరిని తిడుతున్నాడా అని. వెనక ఎవరూ లేరు. ఎత్తిన చేతులు మెల్లగా దించుకుంది. ఏడవలేదు. తిరిగి, నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అతను రెండుసార్లు సబ్బు రుద్దుకుని, తల కడుక్కుని, శుభ్రమైన బట్టలు కట్టుకుని వెళ్ళి పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాడు. "దా తల్లీ. ఇప్పుడు రా."

పాప అమ్మ వెనక నిలబడి, కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

ఆ తర్వాత ఎప్పుడూ అతని దగ్గరికి ఆమె పరుగెత్తలేదు. పిలిస్తే వచ్చేది. నిలబడమంటే నిలబడేది. ఎత్తుకుంటే ఊరుకునేది. ఆ రోజు ఎందుకు అరిచాడో చెబుదామని ఎన్నోసార్లు కూర్చోబెట్టుకున్నాడు. చెబితే అర్థం చేసుకోవాల్సిన బుర్రనే ఆ దుమ్ము తినేసింది.

ఏళ్ళు గడిచాయి. పాప ఒళ్ళు పెరిగినంత, బుద్ధి పెరగలేదు. బడిలో కొన్నాళ్ళు చివరి బల్ల మీద కూర్చోబెట్టుకుని, తర్వాత ఇంటికి పంపేశారు. చిన్న చిన్న మాటలు తిరిగొచ్చాయి. మూడు దాటితే లెక్క తెలియదు. బట్టలు మడతపెట్టడం మాత్రం అంచుకు అంచు కలిపి, తల్లికన్నా బాగా చేసేది. అందులో ఆమెకు విసుగు లేదు.

షాపులో కొళాయి వచ్చింది. మురికి బట్టలకొక గోడ, శుభ్రమైన బట్టలకొక గోడ, మధ్యలో స్నానాల గది. కరిగించే మూకుడు పైన పొగ లాగే ఫ్యాను. ముక్కుకు మాస్కు లేనిదే ఎవరూ పలకలు ముట్టరు. చేతులూ మొహమూ కడుక్కుని ముందు వైపుకొస్తేనే తిండి. మేస్త్రికి "స్నానాల మేస్త్రి" అని పేరొచ్చింది. అతను దానికి నవ్వేవాడు కాదు.

కొత్తగా చేరిన పనివాడొకడు ఉండేవాడు, మంచి పనిమంతుడు. అతని భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళి, ఒక రోజు బిడ్డతో తిరిగొచ్చింది. ఫోను రాగానే అతను పని బట్టల మీదే మోటారుసైకిల్ ఎక్కాడు. మేస్త్రి పరుగెత్తుకెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"స్నానం చేసి వెళ్ళు."

"వదులన్నా! నా కొడుకుని ఇంకా సరిగ్గా ఎత్తుకోనైనా లేదు."

"ఎత్తుకుందువుగాని. స్నానం చేసి వెళ్ళు."

"ఒక్కరోజుకే చచ్చిపోతామా ఏంటి?"

మేస్త్రి అతని చెంప మీద కొట్టాడు. వీధి వీధంతా ఆగిపోయింది. చీమకు కూడా హాని చేయని మనిషని పేరు. ఇంకా హ్యాండిల్ వదల్లేదు.

"చావరురా" అన్నాడు. "నా కూతురు చచ్చిపోలేదు. ఇంట్లోనే ఉంది. పెళ్ళీడుకొచ్చింది. దాని జడ అదే వేసుకోలేదు. చావరు, అదే నీకు చెబుతున్నా." అంటూనే రోడ్డు మీద చతికిలబడి, నలుగురూ చూస్తుండగా ఏడ్చాడు. ఆసుపత్రి వరండాలో కూడా అలా ఏడవలేదు.

ఆ మనిషి బండి దిగాడు. లోపలికి వెళ్ళి స్నానం చేసి, తడితలతో బయటికొచ్చి, మేస్త్రి భుజం పట్టుకుని లేపాడు. "వెళ్ళొస్తా అన్నా" అన్నాడు.

ఇప్పుడు మేస్త్రికి జుట్టు నెరిసింది. కీళ్ళ నొప్పులు, కడుపులో నొప్పి. డాక్టరమ్మ చెప్పినట్టు, ఎముకల్లో ఇల్లు కట్టుకున్నది ఖాళీ చేయడం లేదు. భార్యకూ ఓపిక తగ్గింది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ముగ్గురూ వంటగదిలోనే ఉన్నారు. పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాయి. పాప గుమ్మంలో కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"ఏమండీ" అంది భార్య మెల్లగా. ఎన్నాళ్ళుగానో నోటి చివరి దాకా వచ్చి ఆగిపోతున్న మాట అది. "మనం పోయాక దీన్ని ఎవరు చూస్తారు?"

ఆమెకొక చెల్లెలున్నా, ఆ చెల్లెలికీ ఒక సంసారం ఉంది.

పాప చేతిలో తువ్వాలు కింద పెట్టి లేచింది. "నేను చూస్తానమ్మా" అంది. "మీరు పోయి రండి."

వెళ్ళి పొయ్యి ముందు నిలబడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గిన్నెలోకి వంగి, కన్ను ఆర్పకుండా పాలను చూడసాగింది.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. మేస్త్రి లేచి వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత భార్య కూడా వచ్చింది. పాలు అంచుల దాకా వచ్చాయి. పాప మంట తగ్గించింది.